చల్లగాలి వీచే కారు హీటరు: లోపాన్ని కనుక్కొనే విధానం

9.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు, కారు హీటరుకు వేడి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలుగుతారు. హీటరు చల్లగాలి వదులుతున్నప్పుడు లోపం ఇంజిన్ వైపు ఉందా, డ్యాష్‌బోర్డు వైపు ఉందా అన్నది రెండు గొట్టాలను తాకి నిర్ణయించగలుగుతారు. ఏ పరిస్థితిలో బండిని అక్కడికక్కడే ఆపాలో, ఏ పరిస్థితిలో ఇంటిదాకా నడుపుకొని రావచ్చో వివరించగలుగుతారు.

9.1 పరిచయం

కిందటి భాగంలో ఇంజిన్ శీతలీకరణ వ్యవస్థను గురించి తెలుసుకొన్నారు. ఆ వెంటనే హీటరును గురించి పాఠం రావడం మీకు కొంత వింతగా అనిపించవచ్చు. ఏడాదిలో పది నెలలు ఏసీ వేసుకొని తిరిగే మనకు హీటరుతో పనేమిటని కూడా అనుకోవచ్చు. డిసెంబరులో తెల్లవారుజామున లంబసింగికో, అరకుకో వెళ్లినవారికి ఆ పని తెలుసు. ముందు అద్దం లోపలివైపు మంచు పట్టి దారి కనిపించనప్పుడు హీటరు సౌకర్యం కాదు, అవసరం. ఆదిలాబాద్ చలికాలంలో బండి నడిపేవారికీ, చదువుకో ఉద్యోగానికో మిషిగన్ వంటి చోట్లకు వెళ్లిన మన పిల్లలకూ అంతే.

అయితే ఈ పాఠం రాయడానికి అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. కారులో హీటరు విడిగా ఉన్న పరికరం కాదు. అది శీతలీకరణ వ్యవస్థలో ఒక కొమ్మ. అందువల్ల హీటరు చల్లబడటం చాలాసార్లు హీటరు జబ్బు కాదు, ఇంజిన్ జబ్బుకు తొలి లక్షణం. దాన్ని గుర్తించినవారు ఒక రబ్బరు గొట్టం ఖర్చుతో బయటపడతారు. గుర్తించనివారు ఇంజిన్ విప్పించుకోవలసి వస్తుంది.

9.2 హీటరుకు వేడి ఎక్కడిది?

ఇంట్లో గీజరులో ఉన్నట్లు కారు హీటరులో కరెంటుతో ఎర్రబడే తీగ ఉంటుందని చాలామంది అనుకొంటారు. పెట్రోలు, డీజిలు కార్లలో ప్రధానమైన వేడి అలా రాదు. ఇంజిన్‌లో మండిన ఇంధనపు శక్తిలో స్థూలంగా మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మరో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగాన్ని ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ మోసుకుపోయి రేడియేటరులో పారబోస్తుంది. ఈ పారబోసే వేడిలో కొంత మళ్లించి మనం కూర్చొనే చోటికి తేవడమే హీటరు చేసే పని.

ఇందుకోసం డ్యాష్‌బోర్డు వెనుక పుస్తకమంత పరిమాణంలో ఒక చిన్న రేడియేటరు ఉంటుంది. దీన్ని హీటర్ కోర్ అంటారు. ఇంజిన్ నుంచి ఒక రబ్బరు గొట్టం వేడి కూలెంట్‌ను ఇందులోకి తెస్తుంది, రెండో గొట్టం తిరిగి తీసుకుపోతుంది. కూలెంట్‌ను తోసేది వాటర్ పంపు. కోర్ మీదుగా గాలిని ఊదేది బ్లోయర్. గాలి ఎంత భాగం కోర్ గుండా పోవాలో, ఎంత భాగం పక్కనుంచి పోవాలో నిర్ణయించేది బ్లెండ్ డోర్ అనే చిన్న తలుపు. మీరు తిప్పే నీలం-ఎరుపు నాబ్ చాలా కార్లలో ఈ తలుపునే తిప్పుతుంది. కొన్ని కార్లలో దీనికి తోడు కూలెంట్ దారిలో ఒక వాల్వు కూడా ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. బ్లోయర్ సెకనుకు 0.1 కిలోగ్రాము గాలిని ఊదుతోందనీ, 5 డిగ్రీల సెల్సియస్ చలిగాలి 55 డిగ్రీలై లోపలికి వస్తోందనీ అనుకొందాం. గాలి విశిష్టోష్ణం కిలోగ్రాముకు, డిగ్రీకి సుమారు 1 కిలోజౌలు. కాబట్టి గాలి తీసుకొన్న వేడి 0.1 × 1 × 50 = 5 కిలోవాట్లు. ఈ వేడిని ఇవ్వవలసింది కూలెంట్. నీరు, గ్లైకాల్ సగం సగం కలిసిన కూలెంట్ విశిష్టోష్ణం సుమారు 3.5 కిలోజౌళ్లు. కోర్ గుండా సెకనుకు 0.15 కిలోగ్రాము కూలెంట్ పోతోందనుకొంటే అది 5 ÷ (0.15 × 3.5), అంటే దాదాపు 9.5 డిగ్రీలు చల్లబడుతుంది. 85 డిగ్రీలతో లోపలికి వెళ్లినది 75 డిగ్రీల పైనే బయటికి వస్తుంది. అంటే హీటరు సరిగా ఉన్న బండిలో రెండు గొట్టాలూ వేడిగానే ఉండాలి.

ఇప్పుడు కోర్ పూడుకుపోయి ప్రవాహం ఇరవయ్యో వంతుకు పడిపోయిందనుకోండి. ఆ కాస్త కూలెంట్ తనలోని వేడినంతా వదిలేసి 5 డిగ్రీలకు చల్లారినా ఇవ్వగలిగింది 0.0075 × 3.5 × 80 = 2.1 కిలోవాట్లు. గాలి 26 డిగ్రీలు దాటలేదు. నిజానికి అంత కూడా రాదు. పైగా తిరిగి వచ్చే గొట్టం చల్లగా తగులుతుంది. ఈ లెక్కను గుర్తుంచుకోండి. 9.4లో చెప్పే పరీక్షకు ఇదే ఆధారం.

9.3 మొదట చూడవలసింది కూలెంట్ మట్టం

బండి స్టార్టు చేసిన వెంటనే వేడిగాలి రాదు. చలి ఉదయాన అయిదు నుంచి పది నిమిషాలు పట్టడం సహజం. డీజిలు ఇంజిన్ వృథా చేసే వేడి తక్కువ కాబట్టి ఇంకా ఆలస్యం కావచ్చు. పావుగంట నడిపినా గాలి చల్లగానే ఉంటే అప్పుడు అది లోపం.

అప్పుడు డ్యాష్‌బోర్డు విప్పవద్దు, ఫ్యూజులు వెతకవద్దు. గాలి వస్తోందంటే బ్లోయర్ పనిచేస్తున్నట్లే. ముందు బానెట్ ఎత్తి కూలెంట్ చూడండి. హీటర్ కోర్ సాధారణంగా ఇంజిన్‌లో పైమట్టానికి దగ్గరగా ఉంటుంది. అందువల్ల కూలెంట్ తగ్గితే మొదట ఎండిపోయే చోట్లలో అది ఒకటి. చెరువు ఎండుతున్నప్పుడు పై కాలువకు ముందుగా నీరు అందనట్లే ఇక్కడా జరుగుతుంది. ఇంజిన్ ఇంకా మామూలుగా నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. వేడి ఇంజిన్ మీద రేడియేటరు మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. మూత మూసి ఉన్నప్పుడు లోపలి పీడనం బయటి వాతావరణం కంటే దాదాపు 1 బార్ వరకు ఎక్కువగా ఉంటుంది. ఆ పీడనంలో మామూలు నీరు సైతం సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. మూత తెరిచిన క్షణంలో పీడనం పడిపోయి ఆ ద్రవం ఒక్కసారిగా మరిగి, ఆవిరితో పాటు ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ చుట్టి నెమ్మదిగా తిప్పితే ఏమీ కాదనే మాట మెకానిక్కు షెడ్లలో వింటుంటాం. దాన్ని నమ్మకండి. మూత చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి.

పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకులో కూలెంట్ గీత దగ్గర కనిపించినంత మాత్రాన సరిపోదు. రేడియేటరుకు విడిగా మూత ఉన్న బండ్లలో ఆ ట్యాంకు పొంగిన ద్రవాన్ని పట్టి ఉంచే పాత్ర మాత్రమే. మూత రబ్బరు చెడినా, మధ్య గొట్టం చిట్లినా చల్లారేటప్పుడు రేడియేటరు ట్యాంకు నుంచి కూలెంట్‌ను వెనక్కి పీల్చుకోలేదు. ట్యాంకు నిండుగా, రేడియేటరు ఖాళీగా ఉండటం అరుదైన సంగతేమీ కాదు. కాబట్టి ఇంజిన్ చల్లారాక రేడియేటరులోనే చూడండి.

మట్టం తక్కువగా ఉంటే నింపండి, కాని అక్కడితో ఆగిపోవద్దు. మూసి ఉన్న వ్యవస్థలో కూలెంట్ దానంతటది తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. గొట్టాల క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద, రేడియేటరు అంచుల వెంట తెల్లని లేదా రంగు మరకలు చూడండి. బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతూ, ట్యాంకులో బుడగలు వస్తూ, పొగగొట్టం నుంచి వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. అది ఇంట్లో చేసుకొనే పని కాదు.

ఒక ఉదాహరణ చెప్తాను. నా దగ్గర చదువుకొన్న ఒక అబ్బాయి మిషిగన్‌లో ఉద్యోగంలో చేరి పాత కారు కొనుక్కొన్నాడు. జనవరిలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. “సార్, హైవే మీద హీటరు బాగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే చల్లగాలి వస్తుంది. డ్యాష్‌బోర్డులో చిన్న మోటారు పోయిందంటున్నారు, మార్పించమంటారా?” అని అడిగాడు. వేగంగా పోతున్నప్పుడు వేడి, ఆగితే చల్లన అన్న ఒక్క మాటతోనే విషయం చాలావరకు అర్థమవుతుంది. తలుపు తిప్పే మోటారుకు ఇంజిన్ వేగంతో సంబంధం లేదు. సంబంధం ఉన్నది వాటర్ పంపుకు. ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడు పంపు ఉన్న కాస్త కూలెంట్‌నూ కోర్ దాకా తోస్తుంది. ఐడిల్‌లో తోయలేదు. “మోటారు సంగతి తరువాత, తెల్లారాక కూలెంట్ చూడు, అంతవరకు బండి తియ్యకు” అన్నాను. మూత తీసి చూస్తే రేడియేటరులో కూలెంట్ కంటికి ఆనలేదట. కింది గొట్టం క్లిప్పు దగ్గర కారుతోంది. టెంపరేచర్ ముల్లు మాత్రం ఒక్కరోజు కూడా పైకి పోలేదన్నాడు.

ముల్లు ఎందుకు పైకి పోలేదన్నది మీరు ఆలోచించవలసిన విషయం. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరు కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే సరిగా చూపుతుంది. కూలెంట్ దాని కిందికి దిగిపోతే అది గాలిలో వేలాడుతూ తక్కువ చూపవచ్చు. అందువల్ల ముల్లును మాత్రమే నమ్మితే మోసపోతాం. ముల్లు చెప్పని సంగతి హీటరు గాలి చెప్పగలదు.

9.3.1 ఘాట్ రోడ్డు మీద హీటరు

దీనికి మరో వైపు కూడా ఉంది. ఎండాకాలం నిండు లోడుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు ముల్లు ఎరుపు వైపు పోవడం మొదలుపెడితే ఏసీ ఆపి, హీటరును పూర్తి వేడిలో, బ్లోయర్‌ను పూర్తి వేగంలో పెట్టమని చెప్తాం. లోపల కూర్చోవడం కష్టమే, కాని మన లెక్క ప్రకారం కొన్ని కిలోవాట్ల వేడిని బయటికి లాగే రెండో రేడియేటరు దొరికినట్లవుతుంది. బండిని సురక్షితమైన చోటికి చేర్చడానికి అది చాలు.

అలా పెట్టినప్పుడు హీటరు నుంచి చల్లగాలి వస్తే మాత్రం ఇక ఒక్క మలుపు కూడా ఎక్కకండి. ముల్లు పైకి పోతూ హీటరు చల్లగా ఉందంటే వేడిని మోసుకుపోయే కూలెంట్ లేదు, లేదా తిరగడం లేదు. పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. ఇంకొక్క కిలోమీటరని నడిపితే అల్యూమినియం హెడ్ వంగిపోవచ్చు, ఇంజిన్ సీజు కావచ్చు. వేడిగా ఉన్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోయడం కూడా అంతే ప్రమాదం. లోహం ఉన్నట్టుండి కుంచించుకొని పగులుతుంది.

9.4 రెండు గొట్టాల పరీక్ష

కూలెంట్ నిండుగా ఉన్నా గాలి చల్లగానే ఉందనుకొందాం. బండిని పావుగంట నడిపి, హ్యాండ్ బ్రేకు వేసి, నాబ్‌ను పూర్తి ఎరుపులో, బ్లోయర్‌ను మధ్య వేగంలో పెట్టండి. బానెట్ ఎత్తితే ఇంజిన్‌కూ, క్యాబిన్‌కూ మధ్య ఉన్న గోడలోకి పక్కపక్కనే దూరే రెండు రబ్బరు గొట్టాలు కనిపిస్తాయి. ఇంజిన్ ఆపి, మందపాటి గుడ్డతోనో చేతి వెనుక భాగంతోనో వాటిని క్షణకాలం తాకి చూడండి. ఇంజిన్ ఆపకుండా చేయి పెట్టవద్దు. బెల్టు ఉంటుంది, ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది.

రెండూ వేడిగా ఉంటే కూలెంట్ తన పని తాను చేస్తోంది, లోపం గాలి వైపున, అంటే డ్యాష్‌బోర్డులో ఉంది. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే కూలెంట్ కోర్ గుండా పోవడం లేదు. కోర్ పూడుకుపోయింది, లేదా వాల్వు మూసుకొని ఉంది, లేదా లోపల గాలి చిక్కుకొంది. రెండూ గోరువెచ్చగానే ఉండి ముల్లు కూడా కిందనే ఉంటే ఇంజినే వేడెక్కడం లేదు, థర్మోస్టాట్ చూడాలి. రెండూ చల్లగా ఉండి ముల్లు పైన ఉంటే అది 9.3.1లో చెప్పిన ప్రమాద స్థితి.

గాలి చిక్కుకోవడాన్ని మెకానిక్కులు ఎయిర్ లాక్ అంటారు. కూలెంట్ మార్చిన తరువాత, గొట్టం వేసిన తరువాత ఇది తరచుగా వస్తుంది. డ్యాష్‌బోర్డులో నీళ్లు గలగలలాడినట్లు శబ్దం వస్తే ఇదేనని అనుకోవచ్చు. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలులో నిలిపి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, హీటరు పూర్తి వేడిలో పెట్టి ఐడిల్‌లో నడపండి. కూలెంట్ వేడెక్కేకొద్దీ బుడగలు పైకి వస్తాయి, మట్టం తగ్గుతుంది, నింపుతూ ఉండాలి. పై గొట్టం వేడెక్కి బుడగలు ఆగాక మూత బిగించాలి. పొంగడం మొదలైతే చేయి అడ్డం పెట్టక ఇంజిన్ ఆపేయండి. కొన్ని బండ్లలో గాలి వదలడానికి ప్రత్యేకంగా స్క్రూ ఉంటుంది. మూత తీసే పద్ధతి వాటికి వర్తించకపోవచ్చు. బండితో వచ్చిన పుస్తకంలో చూసి చేయండి.

కోర్ పూడుకుపోవడం మన ప్రాంతంలో ఎక్కువ. కారణం బోరు నీళ్లు. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండిలో, మన ఇళ్లలో గీజరుకు పట్టే తెల్లని పొర వంటిదే కోర్ సన్నని గొట్టాలలోనూ పడుతుంది. దానికి తుప్పు తోడవుతుంది. పది నెలలు హీటరు వేయకపోవడంతో, వాల్వు ఉన్న బండ్లలో ఆ మురికి కదలకుండా గట్టిపడుతుంది. కూలెంట్ అంటే చలిలో గడ్డకట్టకుండా ఆపే మందు మాత్రమేననీ, మన ఊళ్లో మంచు పడదు కాబట్టి అక్కర్లేదనీ అనుకోవడం పొరపాటు. సగం సగం కలిపిన ఇథిలీన్ గ్లైకాల్ మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదన్నది నిజమే. మనకు కావలసింది మాత్రం అందులో తుప్పును ఆపే రసాయనాలు, ఎక్కువ మరిగే స్థానం. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి. రంగు ఒకటే కదా అని రెండు రకాల కూలెంట్లు కలపవద్దు. రంగు కంపెనీ ఇష్టం. రసాయనాలు సరిపడకపోతే జిగట ముద్ద తయారవుతుంది.

తేలికగా పూడిన కోర్‌ను రెండు గొట్టాలూ విప్పి, నీరు బయటికి వచ్చే వైపు నుంచి వెనక్కి, తక్కువ ఒత్తిడితో పారించి శుభ్రం చేయవచ్చు. బండి కడిగే పంపు పెడితే పాత కోర్ చిట్లుతుంది. కోర్ మార్చవలసి వస్తే వస్తువు ధర కంటే డ్యాష్‌బోర్డు విప్పే కూలి భారమవుతుంది కాబట్టి ముందు ఈ ప్రయత్నం చేయడం న్యాయం.

9.5 థర్మోస్టాట్ లేని బండి

మన షెడ్లలో ఒక అలవాటు ఉంది. బండి వేడెక్కుతోందని చెప్పగానే థర్మోస్టాట్ వాల్వు తీసి పారేస్తారు. “మన ఎండలకు అది అవసరం లేదండీ” అంటారు. ముల్లు కిందికి దిగుతుంది, బండి యజమాని సంతోషిస్తాడు. చలికాలంలో హీటరు గోరువెచ్చని గాలి వదిలినప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

థర్మోస్టాట్ అంటే మైనం నింపిన చిన్న కవాటం. మైనం కరిగి వ్యాకోచించినప్పుడు కవాటం తెరుచుకొంటుంది. చాలా కార్లలో ఇది 82 నుంచి 90 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకోవడం మొదలవుతుంది. అంతవరకు కూలెంట్‌ను రేడియేటరుకు పోనివ్వక ఇంజిన్‌ను త్వరగా వేడెక్కిస్తుంది. దాన్ని తీసేసినా, అది తెరుచుకొనే ఉండిపోయినా కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటరులో చల్లారుతుంది. ఇంజిన్ పనిచేయవలసిన ఉష్ణోగ్రతకు చేరదు. కంప్యూటరు ఉన్న బండి ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకొని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ తగ్గుతుంది, ఆయిల్‌లో తేమ నిలుస్తుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా బండి మొదట ఎందుకు వేడెక్కిందో ఆ అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

నిర్ధారించడం సులభం. చల్లని ఇంజిన్ స్టార్టు చేసి, రెండు మూడు నిమిషాల తరువాత ఆపి, రేడియేటరు పై గొట్టాన్ని తాకండి. అది చల్లగా ఉండాలి. ఇంజిన్‌తో పాటే మెల్లగా వెచ్చబడుతూ వస్తోందంటే థర్మోస్టాట్ తెరుచుకొని ఉంది, లేదా అసలు లేదు. దాని ధర తక్కువ. పాతది విప్పాక గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి ఎప్పుడు తెరుచుకొంటుందో మీ కళ్లతో చూడండి. ఈ పాఠ్యాంశంలో ఇంట్లో చేయదగిన ప్రయోగాలలో నాకు బాగా ఇష్టమైనది ఇది.

9.6 డ్యాష్‌బోర్డు లోపలి లోపాలు

రెండు గొట్టాలూ వేడిగా ఉన్న బండిలో బ్లెండ్ డోర్‌ను చూడాలి. పాత బండ్లలో నాబ్ నుంచి తలుపుకు ఉక్కు తీగ పోతుంది. అది జారిపోతే నాబ్ తేలికగా తిరుగుతుంది కాని గాలి మారదు. కొత్త బండ్లలో చిన్న మోటారు తిప్పుతుంది. దాని ప్లాస్టిక్ పళ్లు విరిగితే నాబ్ తిప్పినప్పుడల్లా టిక్ టిక్ మని శబ్దం వస్తుంది. ఒక వైపు వేడిగాలి, మరో వైపు చల్లగాలి వస్తోందంటే, రెండు వైపులకూ వేరువేరు నియంత్రణ ఉన్న బండిలో ఒక తలుపు చెడి ఉంటుంది. కోర్ సగం పూడినా ఇలాగే జరగవచ్చు. ఈ లోపాలతో ఇబ్బందే గాని ప్రమాదం లేదు. అద్దం మీద మంచు పట్టనంతవరకు బండి నడుపుకోవచ్చు.

కోర్ కారుతున్నప్పుడు లక్షణాలు వేరు. అద్దం లోపలివైపు జిడ్డుగా పొర పడుతుంది, తుడిచినకొద్దీ వస్తుంది. కారులో తియ్యని వాసన వస్తుంది. ముందు సీటు కింద కార్పెట్ తడుస్తుంది. ఏసీ నీళ్లు కూడా కార్పెట్‌ను తడపవచ్చు, కాని వాటికి జిడ్డు, వాసన ఉండవు. ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉండే విషం. పారబోసిన కూలెంట్‌ను కుక్కలు నాకుతాయి, పిల్లలు ముట్టుకొంటారు. దాన్ని తాగునీటి సీసాలో నిలవ చేయకండి, వాకిట్లో పోయకండి.

అద్దం మంచు సంగతి కూడా ఇక్కడే చెప్తాను. హీటరు బాగున్నా అద్దం తేటపడకపోతే బయటి గాలి తీసుకొనే మీట తెరవండి, హీటరుతో పాటు ఏసీ కూడా వేయండి. ఏసీ గాలిలోని తేమను తీస్తుంది, హీటరు ఆ పొడి గాలిని వెచ్చబరుస్తుంది. రెండూ ఒకేసారి వేస్తే బండి పాడవుతుందనేది అపోహ.

విద్యుత్ కార్లలో పారబోసే ఇంజిన్ వేడి లేదు కాబట్టి బ్యాటరీ కరెంటుతో పనిచేసే హీటరుగాని, హీట్ పంపుగాని ఉంటుంది. పై పరీక్షలు వాటికి వర్తించవు. ఆ గొట్టాల పక్కనే నారింజ రంగు హై వోల్టేజి తీగలు ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. కింది బండ్లలో లోపం ఎక్కడ ఉండవచ్చో, బండి నడపవచ్చో లేదో కారణంతో రాయండి. (అ) ముల్లు మధ్యలో ఉంది, రెండు గొట్టాలూ వేడిగా ఉన్నాయి, గాలి చల్లగా ఉంది. (ఆ) ముల్లు పైకి పోతోంది, గాలి చల్లగా ఉంది. (ఇ) ముల్లు ఎప్పుడూ కిందనే ఉంటుంది, గాలి గోరువెచ్చగా ఉంది, మైలేజీ తగ్గింది.

2. 9.2లోని లెక్కలో కోర్ గుండా ప్రవాహం సెకనుకు 0.05 కిలోగ్రాము అయి, గాలి తీసుకొనే వేడి 4 కిలోవాట్లు అయితే తిరిగి వచ్చే గొట్టం ఉష్ణోగ్రత ఎంత? అది చేతికి ఎలా తగులుతుంది?

3. మీకు తెలిసిన ఒక బండిని తీసుకొని, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటరులోనూ ట్యాంకులోనూ మట్టాలు చూసి, అందులో ఉన్నది కూలెంటో నీళ్లో, థర్మోస్టాట్ ఉందో లేదో కనుక్కొని ఒక పేజీ నివేదిక రాయండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.